గొల్లభామను చూసి కుంగ్‌ఫూ పుట్టిందా? పేరు తర్వాత తగిలించారా?

మోటుబావి:
మా వాడు నిన్న క్లాసు నుంచి వస్తూనే "నాన్నా, వాంగ్ లాంగ్ అనే ఆయన గొల్లభామ పురుగు కొట్లాట చూసి కుంగ్‌ఫూ కనిపెట్టాడట" అన్నాడు. ఇరవై ఏళ్ళ కింద నాకూ ఇదే కథ చెప్పారు. నా ఉద్దేశంలో ఇది కట్టుకథ. చైనాలో మింగ్ రాజుల కాలపు సేనాని చీ జిగ్వాంగ్ 16వ శతాబ్దంలో రాసిన యుద్ధవిద్య పుస్తకంలో చేతి పోరు భంగిమలు 32 ఉన్నాయి. బంగారు కోడిపుంజు ఒంటికాలిపై నిలబడటం, పులి మీద ఎక్కడం లాంటి పేర్లు పెట్టాడు. పులి మీద ఎక్కడం పులిని చూసి నేర్చుకున్నదెలా అవుతుంది? మయూరాసనం వేసినవాడు నెమలి దగ్గర శిష్యరికం చేశాడా?

గోదారి_గట్టు:
తమ్ముడూ, నువ్వు మధ్యలో మొదలుపెట్టావు. ఇంకా వెనక్కి వెళ్ళు. 1973లో చైనాలోని చాంగ్షా నగరం దగ్గర మావాంగ్‌ద్వే మూడో సమాధిలో పట్టుగుడ్డ మీద గీసిన 44 వ్యాయామ భంగిమలు దొరికాయి. ఆ సమాధి క్రీ.పూ. 168 నాటిది. కొన్ని బొమ్మల పక్కన జంతువుల పేర్లే రాసున్నాయి. ఆ తర్వాత హాన్ రాజుల చివరి రోజుల్లో వైద్యుడు హువా తువో పులి, జింక, ఎలుగుబంటి, కోతి, పక్షి అని ఐదు ఆటలు కట్టాడు. రోజూ తిరిగే తలుపు బందు చెడిపోదని శిష్యుడికి చెప్పాడట. నాకు అరవై మూడు. ఎలుగుబంటి ఆట మొదలుపెట్టాక మెట్లెక్కేటప్పుడు మోకాలు పట్టుకోవడం మానేశాను.

మోటుబావి:
మోకాలు బాగుపడినందుకు సంతోషం మాస్టారూ. కానీ అది ఆరోగ్యం కోసం చేసే కసరత్తు. నేనడిగింది కొట్లాట గురించి. ఆ రెండూ వేరని మీరే ఒప్పుకున్నారు.

గోదారి_గట్టు:
నేనేమీ ఒప్పుకోలేదు.

చిట్టిగారె:
వేయించిన వేరుశెనగలు తెచ్చుకుని కూర్చున్నా. కానివ్వండి.

నిశాచరి:
అసలు ఇవన్నీ మన దేశం నుంచి వెళ్ళిన బౌద్ధ సన్యాసి బోధిధర్ముడు చైనాలోని షావోలిన్ మఠంలో నేర్పినవే కదా. కేరళ యుద్ధవిద్య కలరిలో కూడా గజ, సింహ, సర్ప వడివులు (భంగిమలు) ఉన్నాయి. ఇంకేం రుజువు కావాలి?

మోటుబావి:
సినిమా చూసి వచ్చారా? బోధిధర్ముడికి అంటగట్టిన యీజిన్‌జింగ్ అనే కసరత్తు పుస్తకం 1624 నాటిదని చరిత్రకారులు తేల్చారు. ఆయన కాలానికీ దానికీ వెయ్యేళ్ళ తేడా. షావోలిన్‌లో 728 నాటి శాసనం ఉంది. తర్వాత టాంగ్ చక్రవర్తి అయిన లీ షిమిన్‌కు సన్యాసులు యుద్ధంలో సాయం చేశారని ఉంది తప్ప పులీ లేదు, కోతీ లేదు.

కొల్లేటి_కొంగ:
చర్చకు అడ్డం రావట్లేదు, ఒక్క సవరణ. చైనాలోని ఫుజియాన్ రాష్ట్రం వాళ్ళ యుద్ధవిద్యను అందరూ "తెల్ల కొంగ" అంటున్నారు. అది కొంగ కాదు, సారసం జాతి పక్షి. ఎగిరేటప్పుడు కొంగ మెడ ముడుచుకుంటుంది, సారసం చాచుకుంటుంది. కొందరు గొల్లభామను మిడత అనడమూ తప్పే. మిడత ఆకులు మేస్తుంది. గొల్లభామ పురుగుల్ని పట్టి తింటుంది.

చిట్టిగారె:
ఇప్పుడు మనసు కుదుటపడింది.

గోదారి_గట్టు:
నవ్వకండి, ఆయన చెప్పిందే అసలు సంగతి. మా పెరట్లో మల్లెపొద మీద గొల్లభామ ఈగను పట్టడం చూశాను. గుద్దదు, తోయదు. ముడుచుకున్న ముందుకాళ్ళు చటుక్కున చాచి, కొక్కెం వేసి తన వైపుకి లాక్కుంటుంది. చైనాలోని షాన్‌డాంగ్ రాష్ట్రపు గొల్లభామ కుంగ్‌ఫూలో ముఖ్యమైనది అదే. వేళ్ళు వంచి ఎదుటివాడి మణికట్టుకు కొక్కెం వేసి కిందికి గుంజడం. మరి గొల్లభామ నడకతో కొట్లాట సాగదు కదా, అందుకని అడుగులు కోతి నుంచి తీసుకున్నారు. ఉత్తినే పేరు తగిలించేవాడికి ఇంత ఆలోచన ఎందుకు? షింగ్‌యీ అనే చైనా యుద్ధవిద్యలో 12 జంతువులుంటాయి. అక్కడ రూపంతో పాటు దాని వెనకున్న భావం పట్టుకోమంటారు.

మోటుబావి:
దక్షిణ చైనా కుంగ్‌ఫూలోని ఐదు జంతువుల్లో పులి, చిరుత, పాము, సారసంతో పాటు డ్రాగన్ కూడా ఉంది. డ్రాగన్‌ను ఎవరు చూశారు మాస్టారూ? మీ మల్లెపొద మీద వాలిందా?

గోదారి_గట్టు:
భావం అన్నది అందుకే. చదవకుండా జవాబులు రాస్తున్నావు.

మోటుబావి:
భావమా! నాలుగేళ్ళు భావమే నేర్చుకున్నా. ఒక్కో జంతువుకీ విడిగా ఫీజు. పులికి కట్టాం, పాముకి కట్టాం, గొల్లభామకైతే మా నాన్న అప్పు తెచ్చి కట్టాడు. తర్వాత సాండా (చైనా కిక్‌బాక్సింగ్) పోటీకి వెళ్ళా. చేతులకు గ్లవ్స్ తొడిగారు. గ్లవ్స్‌లో కొక్కెం ఎలా వేస్తారు? వేళ్ళే వంగవు! అవతలివాడు మామూలు బాక్సింగ్ నేర్చుకున్న కుర్రాడు. మొదటి రౌండ్‌లోనే కింద పడ్డా. నా ముక్కు ఇప్పటికీ కాస్త ఎడమకే ఉంటుంది. మా మాస్టారు పక్కకి పిలిచి "నీలో గొల్లభామ ఇంకా మేలుకోలేదు" అన్నాడు.

చిట్టిగారె:
అయ్యో. సారీ అన్నా.

గోదారి_గట్టు:
తమ్ముడూ, నీ కోపం వాంగ్ లాంగ్ మీద కాదు, ఆ మాస్టారి మీద. ఆయన చేసింది మోసమే. కానీ కథ లేకుండా పిల్లలకి నేర్పి చూడు. పదేళ్ళు ఊళ్ళో పిల్లలకి నేర్పాను. "మోకాలు వంచి, నడుము దించి, వేళ్ళు బిగించు" అంటే దిక్కులు చూస్తారు. "పులి పంజా" అంటే ఆ మూడూ ఒకేసారి వస్తాయి.

మోటుబావి:
అది నేనూ ఒప్పుకుంటా. పులి పంజా అనండి, వద్దనట్లేదు. కథను చరిత్ర అని చెప్పకండి, అంతే. నాకు పద్దెనిమిదేళ్ళప్పుడు చరిత్ర అని చెప్పారు, నమ్మాను కాబట్టే నాలుగేళ్ళు ఒక్క ప్రశ్న అడగలేదు. ఇప్పుడు మా వాడికి తొమ్మిది.

గోదారి_గట్టు:
ముందే "ఇది ఉత్త కథరా" అంటే తొమ్మిదేళ్ళవాడు మనసు పెట్టి చేస్తాడా?

మోటుబావి:
చేస్తాడు. పోయినేడు స్కూల్ వార్షికోత్సవంలో కుందేలు వేషం వేశాడు. నువ్వు నిజంగా కుందేలువి అని ఎవరూ చెప్పలేదు. స్టేజీ అంతా గెంతాడు.

గోదారి_గట్టు:
...సరే. ఆ క్లాసులో జంతువుకింత అని ఫీజు తీసుకుంటున్నారా, అది కనుక్కో ముందు.

మోటుబావి:
శనివారం వెళ్ళి అడుగుతా.

కొల్లేటి_కొంగ:
గోదారిగారూ, మల్లెపొద మీద చూసింది ఆకుపచ్చదా, గోధుమరంగుదా?