అమ్మ వీల్‌చైర్‌తో బీచ్‌కి వెళ్లే దారి ఉందా?

ప్రశ్న:
మాది విశాఖ. పక్షవాతం వచ్చాక అమ్మ వీల్‌చైర్‌లోనే ఉంటోంది. బైకులు రాకుండా కాలనీ పార్కు గేటు దగ్గర ఇనుప కడ్డీలు పాతారు. వాటి మధ్య కుర్చీ పట్టదు. నిన్న బయటి నుంచే పూలమొక్కలు చూసి వెనక్కి వచ్చేశాం, నాకు ఏడుపొచ్చింది. అమ్మకి అలలు దగ్గరగా చూడాలని ఉంది. కుర్చీతో ఇసుక దాటే వీలు ఎక్కడైనా ఉందా?

జవాబు 1:
చెన్నై మెరీనాలో ఉందండి. 2022 నవంబరులో చెక్కబాట వేశారు. తర్వాతి నెల తుపానుకి దెబ్బతింటే బాగుచేశారు.

జవాబు 2:
పార్కుని వదలకండి. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం చూపించి అర్జీ పెట్టండి. మెట్టుంటే ర్యాంపు కూడా అడగండి. అడుగు ఎత్తుకి 12 అడుగుల పొడవుండాలి, నిటారుగా కడితే ఎక్కించలేరు.

ప్రశ్న అడిగినవారు:
థాంక్సండీ. రేపే టేపు తీసుకెళ్లి కడ్డీల మధ్య కొలుస్తాను. మెరీనా మాట చెబితే అమ్మ రైలు టికెట్ ఎంతని అడిగింది.