స్విట్జర్లాండ్ ఎనిమిది రాత్రులు, అమ్మానాన్న, ఇద్దరు పిల్లలు: ఖర్చు ఎక్కడ తగ్గించుకోవచ్చు?

సుధ_గుంటూరు:

అందరికీ నమస్తే. జూన్ మొదట్లో స్విట్జర్లాండ్ వెళ్తున్నాం. మేమిద్దరం, అమ్మానాన్న, పిల్లలు (ఒకడికి తొమ్మిది, పాపకి అయిదు). నాన్నకి 68, మోకాళ్ళు నొప్పి, మెట్లంటే కష్టం. అమ్మ గుడ్డు కూడా తినదు. విమానం టికెట్లు కొనేశాం, దిగేదీ ఎక్కేదీ జ్యూరిక్‌లోనే. మిగతా అంతా ఎంతవుతుందని ఇక్కడ ఒక ట్రావెల్స్ వాళ్ళని అడిగితే, వాళ్ళు చెప్పిన అంకె విని మా ఆయన రెండు రోజులు ఆ ఊసే ఎత్తలేదు. సొంతంగా వెళ్దామని ఇప్పుడు నేనే కూర్చుని లెక్కలు వేస్తున్నాను.

లూసెర్న్‌లో మూడు రాత్రులు, ఇంటర్‌లాకెన్‌లో నాలుగు, చివరి రాత్రి జ్యూరిక్ అనుకున్నాం. యుంగ్‌ఫ్రావ్, టిట్లిస్, షిల్తార్న్ మూడు మంచుకొండలూ చూడాలని ఉంది. మా ఆడపడుచు స్విస్ ట్రావెల్ పాస్ (రైళ్ళు, బస్సులు, పడవలన్నిటికీ ఒకటే టికెట్) కళ్ళు మూసుకుని కొనేయమంటోంది. మా పిన్ని అయితే అక్కడ మంచినీళ్ళ సీసాయే నాలుగు వందలు, అన్నం మాట మర్చిపోండి అని భయపెట్టింది. రైస్ కుక్కర్ తెచ్చుకోవచ్చా? ఆ పాస్ నిజంగా కొనాలా? వెళ్ళొచ్చినవాళ్ళు కాస్త చెప్పండి.

ఆరే_గట్టు:

సుధ గారూ, మేం తూన్‌లో ఉంటాం. ఇంటర్‌లాకెన్‌కి రైల్లో అరగంట. వేసవి వస్తే చాలు, అత్తగారి వైపు నుంచో పుట్టింటి వైపు నుంచో ఎవరో ఒకరు దిగుతూనే ఉంటారు కాబట్టి ఈ లెక్కలన్నీ నాకు నోటికొచ్చు.

వచ్చేవాళ్ళందరూ తిండి గురించే బెంగ పెట్టుకుంటారు. ఇక్కడ జేబుకి చిల్లు పెట్టేది తిండి కాదండీ, కొండలు. ఇంటర్‌లాకెన్ నుంచి యుంగ్‌ఫ్రావ్‌యోహ్‌కి (యుంగ్‌ఫ్రావ్ కొండ దగ్గర పైదాకా రైలు వెళ్ళే స్టేషన్) రానుపోను వేసవిలో మనిషికి 200 ఫ్రాంకులు దాటుతుంది. ఫ్రాంకు వంద రూపాయలు ఎప్పుడో దాటేసింది. పెద్దవాళ్ళు మీరు నలుగురు. ఒక్క పూటకి లక్షకి దగ్గర పడుతుందన్నమాట. దాని ముందు మీ పిన్నిగారి నీళ్ళ సీసా ఎంత? పైగా ఆ సీసా కొననే అక్కర్లేదు. కుళాయి నీళ్ళే తాగుతాం, వీధుల్లో ఫౌంటెన్ల నీళ్ళూ తాగేవే. ఎక్కడైనా తాగకూడని నీళ్ళుంటే "కైన్ ట్రింక్‌వాసర్" అని బోర్డు పెడతారు. ఇంటి నుంచి తలా ఒక సీసా తెచ్చుకోండి, అంతే. హోటల్లో మాత్రం కుళాయి నీళ్ళకి కూడా డబ్బు వేసే చోట్లున్నాయి, అడిగి తెప్పించుకోండి.

అందుకని ముందు ఏ కొండ ఎక్కుతారో తేల్చుకోండి, పాస్ సంగతి తర్వాత. మూడు మంచుకొండలూ ఎక్కితే మూడింటి మీదా కనిపించేది మంచే. మూడో దానికొచ్చేసరికి పిల్లలు ఐస్‌క్రీమ్ ఎక్కడ అంటారు, పెద్దవాళ్ళు కుర్చీ ఎక్కడ అంటారు. పైగా యుంగ్‌ఫ్రావ్‌యోహ్ స్టేషన్ 3454 మీటర్ల ఎత్తులో ఉంది. అక్కడ నాలుగడుగులు వేగంగా వేస్తే నాకే ఆయాసం వస్తుంది. నాన్నగారికి బీపీ, గుండెకి సంబంధించినవి ఏమైనా ఉంటే డాక్టర్ని అడక్కుండా తీసుకెళ్ళకండి. నన్నడిగితే మంచుకొండ ఒక్కటి, దానికి తోడు లూసెర్న్ దగ్గర రీగి. రీగి 1800 మీటర్లకి కాస్త తక్కువ, పైదాకా రైలే వెళ్తుంది. 1871లో వేసిన లైను, యూరప్‌లో మొదటి కొండ రైలు అదే. లూసెర్న్ నుంచి పడవలో విట్స్‌నౌ వెళ్ళి అక్కడే ఎక్కొచ్చు. నాన్నగారి మోకాళ్ళకి ఇబ్బంది ఉండదు. ఇంటర్‌లాకెన్ వైపు షిల్తార్న్ దాకా పోకపోయినా మ్యూరెన్ ఊరి వరకు వెళ్ళండి. ఐగర్, మోంఖ్, యుంగ్‌ఫ్రావ్ మూడూ ఎదురుగా నిలబడి ఉంటాయి. బెంచీ మీద కూర్చుని చూడ్డానికి టికెట్ లేదు.

ఇప్పుడు పాస్. ట్రావెల్ పాస్ ఎనిమిది రోజులకి మనిషికి 400 ఫ్రాంకులు దాటుతుంది. రైళ్ళు, బస్సులు, పడవలు అన్నీ అందులోనే, రీగి కూడా. కానీ యుంగ్‌ఫ్రావ్‌యోహ్ పైకి మాత్రం పాతిక శాతమే తగ్గింపు. హాఫ్ ఫేర్ కార్డ్ అని ఇంకోటుంది. ఇంతకుముందు 120 ఫ్రాంకులుండేది, 2025లో 150 అయింది. నెల రోజులు పనిచేస్తుంది. దాంతో రైళ్ళు, పడవలు సగం ధర, రీగి సగం, టిట్లిస్ సగం, యుంగ్‌ఫ్రావ్‌యోహ్ కూడా సగమే! చాలామంది గమనించనిది ఇదే. మీరు ఊళ్ళు మారేది మూడుసార్లే. జ్యూరిక్ నుంచి లూసెర్న్‌కి, లూసెర్న్ నుంచి ఇంటర్‌లాకెన్‌కి పూర్తి టికెట్టే 30 ఫ్రాంకుల చుట్టుపక్కల. తిరిగి జ్యూరిక్ రావడానికి దానికి రెట్టింపు పైన. సగం ధరకి ఇవన్నీ కలిపినా ట్రావెల్ పాస్ దరిదాపులకి రావు. ఒక పెద్ద కొండ, రీగి, ఈ మూడు ప్రయాణాలు అయితే హాఫ్ ఫేర్‌తో మనిషికి వంద ఫ్రాంకులకి పైనే మిగులుతుంది. రోజుకో ఊరు తిరిగి, కనిపించిన పడవల్లా ఎక్కి, మ్యూజియంలు చూసేవాళ్ళకి ట్రావెల్ పాస్ గిట్టుబాటు. మీ ప్లాన్ అలాంటిది కాదు.

పిల్లలకి ఏదీ కొనకండి. పాపకి ఆరేళ్ళు నిండలేదు, టికెట్టే లేదు. బాబుకి ఫ్యామిలీ కార్డ్ అడగండి. మీ కార్డుతో పాటు ఉచితంగా ఇస్తారు. రైళ్ళలో బస్సుల్లో తల్లో తండ్రో పక్కనుంటే వాడికి టికెట్ అక్కర్లేదు. తాతగారొక్కరే వాణ్ణి తీసుకుని బయల్దేరితే మాత్రం ఆ కార్డు చెల్లదు.

ఒక రోజంతా ఊరికే తిరగాలనిపిస్తే సేవర్ డే పాస్ చూడండి. ఆరు నెలల ముందు నుంచే అమ్ముతారు. హాఫ్ ఫేర్ ఉన్నవాళ్ళకి ముందుగా కొంటే 29 ఫ్రాంకుల నుంచి దొరుకుతుంది, ఆలస్యమయ్యే కొద్దీ పెరుగుతుంది. యుంగ్‌ఫ్రావ్ టికెట్ విషయంలో తొందరపడకండి. పొద్దున్నే లేచి వాళ్ళ వెబ్‌క్యామ్ చూడండి. తెర మీద తెల్లటి మబ్బు తప్ప ఏమీ కనిపించకపోతే పైన కూడా అంతే. లక్ష పెట్టి మబ్బు చూడక్కర్లేదు. ఇంటర్‌లాకెన్‌లో నాలుగు రాత్రులున్నారు కదా, తెరిపి ఇచ్చిన రోజు వెళ్ళండి.

బస దగ్గర గెస్ట్ కార్డ్ అడిగి తీసుకోండి. రాత్రికింతని టూరిస్టు పన్ను మీ దగ్గర ఎలాగూ వసూలు చేస్తారు. ఆ కార్డు చూపిస్తే ఇంటర్‌లాకెన్‌లో దగ్గరి బస్సులు ఉచితం. లూసెర్న్‌లో ఊళ్ళో బస్సులకీ ఇలాంటిదే ఉంది. వాళ్ళంతట వాళ్ళు ఇవ్వకపోతే మొహమాటపడకండి.

ఇక వంట. ఆరుగురున్నారు, వంటిల్లు ఉన్న అపార్ట్‌మెంటే తీసుకోండి. హోటల్ గదిలో కుక్కర్ పెడితే పొగ అలారం మోగుతుంది, ఓనరు మొహం మాడుతుంది. కుక్కర్ తెచ్చుకుంటే ప్లగ్ సంగతి చూసుకోండి. ఇక్కడి సాకెట్ ఆరు పలకల గుంట, మూడు సన్నటి రంధ్రాలు. మన సన్నటి రెండు పిన్నుల ఛార్జరు పడుతుంది, మూడు పిన్నులది పట్టదు. "యూరప్ అడాప్టర్" అని అమ్మే లావుపాటి గుండ్రటిది ఆ గుంటలోకి దిగనే దిగదు. స్విస్‌కి పనికొచ్చేదేనా అని అడిగి కొనండి. నన్నడిగితే కుక్కర్ అక్కర్లేదు, గిన్నెలో వార్చుకోవచ్చు.

ఇక్కడి సూపర్‌మార్కెట్లు మిగ్రోస్‌లో ఎం-బడ్జెట్ అనీ, కూప్‌లో ప్రి గారంటీ అనీ చవక రకాలుంటాయి. బియ్యం, పాలు, కూరగాయలు, కిలో డబ్బా పెరుగు అన్నీ దొరుకుతాయి. పెరుగు మీద "నాట్యుర్" అని ఉంటేనే మామూలు పెరుగు, లేకపోతే తియ్యటిది. అమ్మగారి కోసం ప్యాకెట్ల మీద పసుపు రంగు వి గుర్తు చూడండి. కానీ అది చూసి ఆగకండి. కింద "వెజిటేరియన్" అని ఉంటే గుడ్డు ఉండొచ్చు, "వెగాన్" అని ఉంటేనే నిశ్చింత. కందిపప్పు, చింతపండు, కరివేపాకు కావాలంటే శ్రీలంక తమిళుల దుకాణాలు ఇక్కడ చాలా ఊళ్ళలో ఉన్నాయి. మా ఇల్లు గడిచేది వాళ్ళ వల్లే.

ఇంటి నుంచి కారప్పొడులు, ఆవకాయ తెచ్చుకోండి. నెయ్యి సీసా, పాలకోవా వద్దు, బయటి దేశాల నుంచి పాల వస్తువులు రానివ్వరు. పచ్చి కరివేపాకు, మామిడిపళ్ళు కూడా సర్టిఫికెట్ లేకుండా కుదరవు. ఏటా ఎవరో ఒకరు మా కోసం బంగినపల్లి పళ్ళు తెస్తామంటారు, ఏటా నేను ఫోన్‌లో దండం పెడతాను.

దుకాణాలు చాలాచోట్ల శనివారం సాయంత్రం ఐదారింటికే మూసేస్తారు, ఆదివారం అసలు తియ్యరు. పెద్ద స్టేషన్లలోవి మాత్రం ఉంటాయి. రోజూ మూసే ముందు వెళ్తే బ్రెడ్డు, సలాడ్ల మీద 50% స్టిక్కర్లు వేస్తుంటారు. పెరుగన్నం కలుపుకుని డబ్బాలో పెట్టుకోండి. ఇక్కడ రైల్లో తింటే ఎవరూ ఏమనరు.

మూర్తి_కూకట్‌పల్లి:

మేడమ్ గారి లెక్క కరెక్టే, కానీ నా మాట వేరు. నేను అమ్మానాన్నలతో వెళ్ళాను. ప్రతిసారీ యాప్ తెరిచి, అందరికీ టికెట్లు తీసి, సరైన రైలే ఎక్కామా అనే టెన్షన్ ఎందుకు? పాస్ ఉంటే వచ్చిన రైలు ఎక్కేయడమే. వానొస్తే దిగి పడవెక్కాం, అలిసిపోతే బస్సెక్కాం. ముసలివాళ్ళతో వెళ్ళినప్పుడు ఆ సుఖానికి కూడా వెల కట్టాలి.

ఇంకొకటి, ఇల్లు చవకగా వస్తోందని కొండ మీద ఊళ్ళోనో, స్టేషన్‌కి కిలోమీటరు దూరంలోనో తీసుకోకండి. ఆరుగురి సూట్‌కేసులు లాక్కుంటూ నాన్నగారు ఎంత దూరం నడుస్తారు? స్టేషన్ పక్కనే తీసుకుని, మిగతాచోట తగ్గించండి.

బాసెల్_కుర్రాడు:

నేను ఇక్కడ చదువుకుంటున్నాను. మా స్టూడెంట్లందరం సామాన్లకి జర్మనీ వెళ్తాం. బాసెల్ నుంచి 8వ నంబరు ట్రామ్ ఎక్కితే వైల్ ఆమ్ రైన్. సరుకులు చాలా చవక. హోటళ్ళు కూడా అక్కడే తక్కువ. సుధ గారూ, బస అక్కడ పెట్టుకుని రోజూ ఇటొచ్చి వెళ్ళొచ్చు కదా? షెంగెన్ వీసా రెండు దేశాలకీ ఒకటే.

ఆరే_గట్టు:

తమ్ముడూ, నీకు కుదురుతుంది, వాళ్ళకి కుదరదు. బాసెల్ నుంచి ఇంటర్‌లాకెన్ రెండు గంటలు. అయిదేళ్ళ పాపతో రోజూ రానుపోను నాలుగు గంటలు రైల్లోనే. హోటల్లో మిగిలింది రైలు తినేస్తుంది. బాసెల్ చూసేవాళ్ళకైతే నీ సలహా బ్రహ్మాండం.

మూర్తి గారూ, స్టేషన్ పక్కన ఇల్లు అన్నారే, దానికి నూటికి నూరు మార్కులు. పాస్ దగ్గర మాత్రం ఒప్పుకోను. వాళ్ళు రైలెక్కే రోజులు నాలుగో అయిదో. ఒకరి ఫోన్‌లోనే అందరి టికెట్లూ తియ్యొచ్చు, పది నిమిషాల పని. ఆ పది నిమిషాలకి నలుగురి మీద నలభై వేలంటే నేనైతే కూర్చుని టికెట్లు తీస్తాను.

సుధ_గుంటూరు:

అందరికీ చాలా థ్యాంక్స్ అండీ. మా ఆయనకి చదివి వినిపించాను, ఇప్పుడు మాట్లాడుతున్నారు. హాఫ్ ఫేర్ అనుకున్నాం. షిల్తార్న్ తీసేసి మ్యూరెన్ పెట్టాను. నాన్నకి డాక్టర్ సరే అంటే యుంగ్‌ఫ్రావ్, లేకపోతే ఆయనా అమ్మా కింద లోయలో ఉన్న లౌటర్‌బ్రున్నెన్ ఊళ్ళో ఉంటారు. వాళ్ళకి అక్కడ కాలక్షేపం ఏమైనా ఉందా? జ్యూరిక్‌లో చివరి రోజు ఖర్చు లేకుండా ఏం చూడొచ్చు? డబ్బులు క్యాష్ తెచ్చుకోవాలా?

ఆరే_గట్టు:

లౌటర్‌బ్రున్నెన్‌లో స్టేషన్ నుంచి మెల్లగా నడిస్తే స్టౌబ్‌బాఖ్ జలపాతం. దాదాపు 300 మీటర్ల ఎత్తు నుంచి పడుతుంది, రోడ్డు మీద నిలబడే చూడొచ్చు. వెనకాల దాకా ఎక్కే మెట్ల దారి ఉంది, నాన్నగార్ని అటు పోనివ్వకండి. ట్రుమ్మెల్‌బాఖ్ జలపాతం కూడా అక్కడే, కానీ దానికి టికెట్ ఉంది, లోపల మెట్లు కూడా ఎక్కువే. వదిలేయండి.

జ్యూరిక్ నుంచి రైన్ జలపాతం గంటలోపే. నాయ్‌హౌజెన్ వైపు దిగండి, అటు ఉచితం. ఎదురుగట్టున కోట వైపు వెళ్తేనే టికెట్. పడవ ఎక్కుతానని బాబు మారాం చేస్తే అది మీ ఇష్టం.

కార్డు అన్నిచోట్లా నడుస్తుంది. మిషన్ "రూపాయల్లోనా, ఫ్రాంకుల్లోనా" అని అడిగితే ఎప్పుడూ ఫ్రాంకులే నొక్కండి. రూపాయలు నొక్కితే వాళ్ళకి నచ్చిన రేటు వేసుకుంటారు. యూరోలు మిగిలి ఉన్నా వాటితో ఇక్కడ కొనకండి, చిల్లర ఫ్రాంకుల్లో ఇస్తారు, రేటు గిట్టదు. ఒకటి రెండు ఫ్రాంకుల నాణేలు కొన్ని జేబులో ఉంచుకోండి. పెద్ద స్టేషన్లలో బాత్‌రూమ్‌కి డబ్బు పెట్టాలి. రైల్లో అయితే ఉచితం, పిల్లలకి దిగే ముందే గుర్తు చెయ్యండి.

తేదీలు ఖాయమయ్యాక ఇక్కడ రాయండి, ఇంటర్‌లాకెన్‌లో సరుకులు ఎక్కడ కొనాలో చెప్తాను.