పొగమంచులో ఔటర్ ప్రయాణం, ఉదయం మొరాయించే కారు: అనుభవజ్ఞుల సలహా కావాలి

అందరికీ నమస్కారం. నేను ఘట్‌కేసర్‌లో ఉంటాను. ఉద్యోగరీత్యా తెల్లవారుజామున నాలుగున్నరకే బయలుదేరి ఔటర్ రింగ్ రోడ్డు మీదుగా శంషాబాద్ వెళ్తాను. డిసెంబరు మొదలైనప్పటి నుంచి నా పెట్రోలు కారు ఉదయం వెంటనే స్టార్టు కావడం లేదు. రాత్రంతా ఆరుబయట నిలిపాక బ్యాటరీని మల్టీమీటరుతో కొలిస్తే 12.2 వోల్టులే చూపుతున్నది. పూర్తిగా ఛార్జయి ఉంటే 12.6 దాకా ఉండాలి. ఇంజను నడుస్తున్నప్పుడు 14.1 వస్తున్నది కాబట్టి బ్యాటరీని ఛార్జి చేసే ఆల్టర్నేటరు బాగానే ఉందని నా అభిప్రాయం. బ్యాటరీకి నాలుగేళ్లు నిండాయి గనుక మార్చేయమని మెకానిక్ అంటున్నారు. అయితే కారు ఆపిన తరువాత కూడా ఏదో పరికరం కరెంటు లాగుతున్నదేమోనని నా అనుమానం. ఫ్యూజులు ఒక్కొక్కటిగా తీస్తూ దానిని ఇంట్లోనే పట్టుకోవచ్చా, లేక ఆటో ఎలక్ట్రీషియన్‌కే అప్పగించాలా?

నన్ను ఎక్కువగా భయపెడుతున్నది మరొకటి: పొగమంచులో ముందున్నవి సరిగా కనిపించకపోవడం. అద్దం లోపల పట్టే ఆవిరిని ఏసీ తొలగిస్తున్నది. పొగమంచులో హైబీమ్ వేస్తే వెలుగు తిరిగి కళ్లలోకే కొడుతుంది కనుక లోబీమ్‌తోనే నెమ్మదిగా వెళ్తున్నాను, అయినా వెనుక లైట్లు వెలగని లారీలు బాగా దగ్గరికి వెళ్లేదాకా కనిపించడం లేదు. ఆ దారిలో రోజూ వెళ్లేవారికి ఫాగ్ ల్యాంపులు నిజంగా ఉపయోగపడ్డాయా? బంపరులో ఎంత ఎత్తున బిగించుకున్నారో దయచేసి తెలియజేయగలరు.