అమ్మమ్మ చీరతో కుట్టిన జాకెట్టు చెడింది: విప్పాలా, వదిలేయాలా?

కొబ్బరితోట:
మాది అమలాపురం దగ్గర పల్లెటూరు. నాలుగు నెలలుగా ఇంట్లోనే కుట్టు నేర్చుకుంటున్నాను. మా అమ్మమ్మ కట్టిన బండారులంక నేత చీర ఒకటి నా వాటాకు వచ్చింది. వంకాయ రంగు, సన్నని పసుపు అంచు. కుచ్చిళ్ల దగ్గర చిరిగింది గాని, చెంగు వైపు బట్ట ఇంకా గట్టిగానే ఉంది. ఆ ముక్కతో జాకెట్టు కుట్టుకుని శ్రావణ శుక్రవారం తొడుక్కోవాలని ఆశపడ్డాను.

మూడు రాత్రులు కూర్చున్నాను. బట్ట చాలదనిపించి, మడత వేయకుండా ముందు భాగాలు రెండూ విడివిడిగా కోశాను. డాట్లు (ఒంటికి అమరేలా బట్ట మడిచి వేసే కుట్లు) వేసి, లైనింగు కలిపి, భుజాలు కూడా కుట్టాక తొడిగి చూసుకుంటే రెండూ ఎడమవైపువే. పైగా చంక కోత ముప్పావు అంగుళం లోతుగా పోయింది. చెయ్యి ఎత్తితే జాకెట్టు మొత్తం పైకి లేస్తోంది.

అప్పటి నుంచి మిషను దగ్గరికి వెళ్లలేదు. అంగడిలో కొన్న బట్ట అయితే ఇంత బాధ ఉండేది కాదు. ఆ చీర మడతల్లో అమ్మమ్మ పెట్టెలోని కర్పూరం వాసన ఇంకా ఉంది. మా వదిన వెంటనే విప్పి దిద్దమంటోంది. మా పిన్ని మాత్రం ఇక దాన్ని ముట్టుకోవద్దు, పెట్టెలో పెట్టి వేరే బట్ట మొదలుపెట్టమంటోంది. ఎవరి మాట వినాలి?

తొక్కుడుమిషను:
మీ వదిన మాటే వినండమ్మా. కాకపోతే ఈ రాత్రి మాత్రం వద్దు. పాలకొల్లులో ముప్ఫై ఏళ్లుగా జాకెట్లు కుడుతున్నాను. కోపంతోనో ఏడుపుతోనో బ్లేడు పట్టుకుంటే కుట్టుతో పాటు బట్ట కూడా తెగుతుంది. రెండు రోజులు ఆగి, పగటి వెలుతురులో కూర్చుని విప్పండి. ఒకవైపు నాలుగు కుట్లకు ఒకటి చొప్పున దారం తెంపుకుంటూ వెళ్లి, బట్ట తిప్పి రెండోవైపు దారం కొస లాగితే వరుస మొత్తం ఊడి వస్తుంది. రెండు ముక్కలను చెరో చేత్తో పట్టుకుని లాగే అలవాటు ఉంటే మానుకోండి. పాత నేత బట్ట ఆ లాగుడుకు ఆగదు.

విప్పకుండా వదిలేస్తే ఎక్కడ తప్పిందో మీ చేతికి తెలియదు. నా దగ్గర నేర్చుకోవడానికి వచ్చే పిల్లలకు నేను మొదట విప్పడమే నేర్పుతాను.

గట్టుమీదఇల్లు:
నేను ఒప్పుకోను. మీ పిన్నిగారి మాటలో అనుభవం ఉంది. మా అమ్మ పట్టుచీర చెంగుతో నేనూ ఇలాగే మొదలుపెట్టాను. మెడ సరిగా రాలేదని విప్పాను. మళ్లీ కుట్టాను, మళ్లీ విప్పాను. మూడోసారికి సూది పడిన చోటల్లా చుక్కలు చుక్కలుగా రంధ్రాలు కనిపించాయి. నాలుగోసారి మెడ అంచు చీలిపోయింది. మొదటి తప్పు దగ్గరే ఆగి ఉంటే, వంకరగానైనా ఒక జాకెట్టు మిగిలేది. ఇప్పుడు నా దగ్గర పీలికలు ఉన్నాయి.

ఇంకో మాట. బాధ కలిగినా చెప్పక తప్పదు. నాలుగు నెలల చేతితో అమ్మమ్మ చీర మీద కత్తెర పెట్టకూడదు. పెద్దవాళ్ల వస్తువు కోయడానికి ముందు పది పాత పంచెలైనా కోసి ఉండాలి. చేసిన పొరపాటును ఇప్పుడు గౌరవంగా మడిచి దాచండి. ప్రతి తప్పునూ దిద్ది తీరాలన్న పట్టుదలే నా చేత రెండో నష్టం చేయించింది.

తొక్కుడుమిషను:
గట్టుమీదఇల్లు గారూ, మీ నష్టం చదివి మనసు చివుక్కుమంది. అయితే మీది పట్టు, ఆ అమ్మాయిది నూలు. పట్టులో సూది చేసిన రంధ్రం అలాగే ఉండిపోతుంది. నూలుబట్ట తడిస్తే పోగులు దగ్గరికి జరుగుతాయి. విప్పాక నీళ్లు చిలకరించి ఇస్త్రీ చేస్తే చాలావరకు పూడుకుపోతాయి. పట్టుకు మీరన్నది నిజం. దాన్ని నేనూ ఒకసారికి మించి విప్పను.

మడిచి దాచమనడం మాత్రం మన నేల మీద కుదరదు. చుట్టూ కాలువలు, చెరువులు. వర్షాకాలం నాలుగు నెలలూ గోడలే చెమ్మగిల్లుతాయి. గంజి ఉన్న నూలుబట్టను అలాగే పెట్టెలో పెడితే బూజు నల్లచుక్కలు పట్టేస్తాయి, అవి ఎంత ఉతికినా పోవు. దాచాలనుకుంటే గంజి వదిలేదాకా ఉతికి, బాగా ఎండనిచ్చి, నెలకోసారి మడత మార్చి గాలి తగలనివ్వాలి. చెడిన బట్టకు అంత సేవ ఎవరు చేస్తారు? దాచడమంటే మరిచిపోవడమే అవుతుంది.

లేసుదారం:
మాది నర్సాపురం. మా ఇంట్లో మూడు తరాలుగా లేసు అల్లుతున్నారు. 2024లో మా లేసుకు భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. అల్లికలో తప్పు వస్తే దారం లాగితే చాలు, వరుస వరుసంతా ఊడి మళ్లీ ఉండలోకి వెళ్లిపోతుంది. దారం కాస్త నలుగుతుంది తప్ప పోయేదేమీ లేదు. అందుకే మా అత్తగారు రోజంతా అల్లింది కూడా మొహం చిట్లించకుండా విప్పేస్తారు.

కత్తెర పని అలా కాదు. కుట్టు విప్పవచ్చు గాని కోత విప్పలేం. ఈ అమ్మాయి ఏడుస్తున్నది కుట్టు గురించి కాదని నాకు అనిపిస్తోంది. చెల్లీ, ముందు మీ తప్పును రెండుగా విడదీసి చూసుకోండి. ముందు భాగాలది ఎంతవరకు కుట్టు తప్పు, ఎంతవరకు కోత తప్పు? చంక ఎలాగూ కోత తప్పే, పోయిన బట్ట తిరిగి రాదు. ఆ ముప్పావు అంగుళం కోసం రెండు రోజులు బాధపడండి, అందులో సిగ్గు లేదు. మిగిలినదానికి ఉపాయం ఉండవచ్చు.

పడుగుపేక:
ఉపాయం ఉంది. మాది నేత కుటుంబం. అక్కా, మీ చీర బట్ట మధ్యలో బుటాలు గాని, జరీ గాని ఉన్నాయా? పసుపు అంచు తప్ప ఏమీ లేదంటున్నారు కాబట్టి అది సాదా నేత అనుకుంటున్నాను. పడుగు అంటే నిలువు పోగు, పేక అంటే అడ్డం పోగు. ఒక పడుగు పోగు మీదుగా, పక్కదాని కింద నుంచి పేక నడిచే నేత. దానికి ఉల్టా, సీదా ఉండవు. రెండు ముఖాలూ ఒకటే.

కాబట్టి రెండు ఎడమ భాగాల్లో ఒకదాన్ని విప్పి తిరగేయండి. అదే కుడి భాగం అవుతుంది. క్రాస్ కోత, అంటే పోగులకు ఏటవాలుగా కోసింది అయినా ఇబ్బంది లేదు, ముక్కతో పాటు ఏటవాలు కూడా తిరుగుతుంది. డాట్లు మాత్రం విప్పి రెండో ముఖం మీద వేయాలి. లైనింగు ముక్క కూడా అలాగే తిప్పవచ్చు. క్రాస్‌గా కోసిన అంచు విప్పినప్పుడు సాగుతుంది, కాబట్టి దండెం మీద వేలాడదీయకండి. బల్ల మీద పరిచే ఉంచండి.

గట్టుమీదఇల్లు:
తిరగేస్తే ఇన్నేళ్లు ఎండ తగిలిన ముఖం ఒకటి, లోపలి ముఖం ఒకటి పక్కపక్కన వస్తాయి. పాత వంకాయ రంగులో ఆ తేడా కనిపించదా?

పడుగుపేక:
కనిపించవచ్చు. మంచి ప్రశ్న. నూలుకే రంగు అద్ది నేసిన బట్ట కాబట్టి రంగు రెండువైపులా ఉంటుంది, వెలిసిన తేడా మాత్రం ఉండవచ్చు. విప్పే ముందు గుమ్మం దగ్గర వెలుతురులో చెంగు మూల మడిచి రెండు ముఖాలూ పోల్చి చూడమనండి. తేడా కొట్టొచ్చినట్టు ఉంటే నేనూ విప్పమనను.

కొబ్బరితోట:
చూశాను. లోపలి ముఖం ఒక వీసం ముదురు. జానెడు దూరంలో పెట్టుకుంటే తెలుస్తుంది, నాలుగడుగుల దూరంలో తెలియదు.

నిన్న పగలు కూర్చుని విప్పాను. డాట్ల దారం తెంపి లాగితే నిజంగానే ఒకే కొసగా వచ్చింది. ముక్క తిరగేసి పక్కన పెట్టగానే కుడివైపు అయింది. చాలాసేపు అలాగే చూస్తూ ఉండిపోయాను. రంధ్రాలు ఇస్త్రీకి పూడాయి గాని, భుజం దగ్గర రెండుసార్లు కుట్టిన చోట సన్నగా కనిపిస్తున్నాయి.

చంకకు వేరే దారి లేక కుచ్చిళ్ల వైపు మిగిలిన బట్టలో నుంచి ముక్క వేయాలనుకుంటున్నాను. గట్టుమీదఇల్లు గారి మాట విని ముందు నాన్న పాత పంచెలో అదే చంక కోసి, ముక్క వేసి చూశాను. రెండుసార్లు ముడతలు వచ్చాయి, మూడోసారి కుదిరింది. పంచె మీద ఇంకోసారి కుదిరేదాకా చీర బట్ట ముట్టుకోను. శ్రావణ శుక్రవారానికి అందదు, అందకపోయినా ఫరవాలేదు.

రాత్రి అమ్మకు చూపించాను. ఇన్నాళ్లూ దాచానని కోప్పడింది. తర్వాత ఆ తిప్పిన ముక్క చేతిలోకి తీసుకుని, అమ్మమ్మ కూడా వెలిసిన చీరల్ని ఇలాగే లోపలి ముఖం పైకి వచ్చేలా కట్టేదని చెప్పింది.

తొక్కుడుమిషను గారూ, చంక ముక్కను క్రాస్‌గా కోయాలా, నిలువుగానా? పంచె మీద క్రాస్‌గానే వేశాను.