సత్రమా, విడిదా? లూకా 2:7లో ఒక మాట

ప్రశ్న: అందరికీ వందనాలు. ఈసారి క్రిస్మస్ ఆరాధనలో లూకా 2వ అధ్యాయం చదివే వంతు నాది. 7వ వచనంలో "సత్రములో వారికి స్థలము లేనందున" అని ఉంది. సత్రం అంటే లాడ్జి లాంటిదేనా? 2011 ఎన్‌ఐవీ ఇంగ్లీషు బైబిల్లో 'అతిథి గది' అనే అర్థం వచ్చేలా ఉంది. ఏది సరి?

జవాబు: తమ్ముడూ, ఈ మాట మీద నాకు చాలా ఇష్టం, కాబట్టి కొంచెం పొడుగ్గా రాస్తాను. గ్రీకు మూలంలో అక్కడున్న మాట కటాలూమ. లూకా దాన్నే 22:11లో మళ్లీ వాడాడు. యేసు శిష్యులతో పస్కా భోజనం చేయడానికి ఒకరి ఇంట్లో అడిగిన గది అది. మన తెలుగు బైబిల్ అక్కడ దాన్ని "విడిది గది" అంది. డబ్బు తీసుకుని బస ఇచ్చే చోటుకు లూకా వాడిన మాట వేరు, పండోకెయోన్. అది మంచి సమరయుని కథలో, 10:34లో వస్తుంది. మనవాళ్లు దాన్ని పూటకూళ్లవాని ఇల్లు అన్నారు, ఎంత చక్కటి మాటో! 2:7లో కూడా పూటకూళ్ల ఇల్లే చెప్పాలనుకుంటే లూకా దగ్గర ఆ మాట ఉంది. వాడలేదు. అందుకే నా ఓటు విడిదికే.

ఇంకో సంగతి చూడండి. కటాలూమ పుట్టిన క్రియకు 'విప్పడం' అని అర్థం. ప్రయాణంలో పశువుల మీది కట్లు విప్పి, బరువు దించి ఆగే చోటు అన్నమాట. మన విడిది కూడా విడియు నుంచి వచ్చిందే, విడుచుకు చుట్టం. రెండు భాషలూ ఒకే దృశ్యం నుంచి ఆ మాటను తీసుకున్నాయి. పెళ్లివారికి విడిది ఇచ్చే మనకు ఇది వేరే చెప్పక్కర్లేదు.

యోసేపు బేత్లెహేముకు ఎందుకు వెళ్లాడు? "దావీదు వంశములోను గోత్రములోను పుట్టినవాడు గనుక." అంటే సొంత వంశం వారి ఊరికి. జనసంఖ్య రాయించుకోవడానికి ఆ వంశం వారందరూ వచ్చే సమయం. ఎవరి ఇల్లో లూకా రాయలేదు. కానీ విడిది గది ముందే నిండిపోయిందంటే, అయినవాళ్లతో కిటకిటలాడుతున్న ఇల్లే నా కళ్లకు కడుతుంది. డిసెంబరు 24 రాత్రి మా అమ్మమ్మ ఇల్లు కూడా అలాగే ఉండేది. అరిసెల డబ్బాలు మంచం కిందకి, పిల్లలందరూ చాప మీదకి, పురిటి బిడ్డతో వచ్చిన పిన్నికి మాత్రం వంటింటి పక్కన వెచ్చటి మూల.

వ్యాఖ్య: అక్కా, మరి మా సండే స్కూల్ నాటకంలో సత్రం యజమాని "చోటు లేదు పొండి" అని తలుపేసేస్తాడు కదా?

జవాబు: వచనంలో యజమాని లేడు, తలుపూ లేదు. వాళ్లు ఊళ్లో అడుగుపెట్టిన రాత్రే కాన్పు అయిందనీ లేదు. 6వ వచనం "వారక్కడ ఉన్నప్పుడు ఆమె ప్రసవదినములు నిండెను" అంటుంది. ఆ రోజుల్లో అక్కడి పల్లెటూరి ఇల్లు చాలా చోట్ల ఒకే పెద్ద గది. ఒక చివర కాస్త పల్లంలో రాత్రిపూట పశువులను కట్టేవారు, మేత తొట్టి అక్కడే. కాబట్టి తొట్టి ఉందంటే ఊరి బయట పాక అనే అనుకోనక్కర్లేదు, అది ఇంట్లోనే ఉండొచ్చు. "పొత్తిగుడ్డలు" కూడా ఇంటి మాటే. పొత్తిళ్లలో బిడ్డ అంటాం కదా, అదే పొత్తి.

వ్యాఖ్య: "ఆయన స్వకీయులు ఆయనను అంగీకరింపలేదు" అని యోహాను 1:11 ఉంది. దానికేమంటారు?

జవాబు: మంచి ప్రశ్న, మాస్టారూ. యోహాను అక్కడ ఒక్క రాత్రి గురించి చెప్పడం లేదు, ఆయన తన ప్రజల దగ్గరకు రావడం గురించి చెబుతున్నాడు. సొంత ఊరు నజరేతువాళ్లే ఆయనను వెళ్లగొట్టారని లూకా 4లో ఉంది, అది నేను కాదనను. కానీ అదే లూకా మొదటి అధ్యాయంలో మరియ బంధువురాలు ఎలీసబెతు ఇంట్లో "యించుమించు మూడు నెలలు" ఉంది. దేవుడు తన కుమారుణ్ణి పంపినప్పుడు ఒక తల్లినీ, పెంచే తండ్రినీ, చుట్టపుటింటినీ ఆయనకిచ్చాడు. నాకు క్రిస్మస్ అంటే మొదట గుర్తొచ్చేది ఇదే. ఉద్యోగం వల్లో, ఇంట్లో మాటలు లేకనో పండక్కి ఇంటికి వెళ్లలేని వాళ్లు ప్రతి సంఘంలోనూ ఉంటారు. ఆరాధన అయ్యాక వాళ్లను భోజనానికి మా ఇంటికి పిలుస్తాం. మా అమ్మ దాన్ని కూడా విడిది ఇవ్వడమనే అంటుంది.

తమ్ముడూ, ఆరాధనలో మాత్రం అచ్చులో ఉన్నట్టు "సత్రములో" అనే చదువు. వాక్యం చెప్పేవారికి ముందురోజే ఈ విడిది సంగతి చెప్పి ఉంచు.

వ్యాఖ్య: ఇంటికి ఆనుకుని పశువులను కట్టే చోటును మా గుంటూరు వైపు గొడ్ల చావిడి అంటాం. మేత వేసేది గాడి.

వ్యాఖ్య: మా తెలంగాణలో కొట్టం. మా తాతయ్య అందులోనే మంచం వేసుకుని పడుకునేవాడు.