సైటు నివేదికలకు, షెడ్యూలుకు కృత్రిమ మేధను ఎంతవరకు వాడవచ్చు?

ప్రశ్న:

అందరికీ నమస్కారం. విజయవాడలో ఒక అపార్ట్‌మెంటు నిర్మాణానికి ప్రాజెక్టు మేనేజరుగా పనిచేస్తున్నాను. మా సైటు ఇంజనీర్లు రోజూ సాయంత్రం వాట్సాప్‌లో పని వివరాలు పంపుతారు. సగం తెలుగు, సగం ఇంగ్లీషు, మధ్యలో వాయిస్ మెసేజీలు. వీటన్నిటినీ కూర్చి యజమానికి వారం నివేదిక తయారు చేసేసరికి శనివారం గడిచిపోతోంది. ఈ పనిని చాట్‌జీపీటీ, జెమిని వంటి వాటికి అప్పగించవచ్చా? షెడ్యూలు కూడా వాటితోనే వేయించవచ్చా? దయచేసి వివరంగా చెప్పగలరు.

మొదటి సమాధానం:

నమస్కారమండీ. నివేదిక కూర్చే పనిని తప్పకుండా అప్పగించండి. షెడ్యూలు విషయం వేరు, దాని గురించి తరువాత చెబుతాను.

మీ ఇంజనీరు "బి బ్లాక్ మూడో ఫ్లోర్ సెంట్రింగ్ (కాంక్రీటు పోయడానికి వేసే అచ్చు) అయింది, రాడ్ వర్క్ రేపు, ప్లంబర్ రాలేదు" అని పంపాడనుకుందాం. ఊరికే "దీన్ని నివేదికగా రాయి" అంటే, "ప్లంబింగ్ పని స్వల్పంగా ఆలస్యమైంది, త్వరలో పూర్తవుతుంది" అని అది రాసిపెట్టే అవకాశం ఉంది. త్వరలో పూర్తవుతుందని ఎవరూ చెప్పలేదు. అందుకే మూడు షరతులు ముందే పెట్టాలి: మెసేజీలో లేని మాట ఒక్కటీ చేర్చకూడదు, ప్రతి వాక్యం పక్కన అది ఎవరు, ఏ తేదీన పంపిన మెసేజీ నుంచి వచ్చిందో చూపాలి, తేదీ గానీ బాధ్యుడు గానీ తెలియనిచోట "వివరం లేదు" అని రాయాలి. నా దృష్టిలో ఈ మూడో షరతు అన్నిటికన్నా విలువైనది, ఎందుకంటే "వివరం లేదు" అని వచ్చిన వాక్యాలే మీరు ఇంజనీర్లను అడగవలసిన ప్రశ్నలు.

అయినా ఏది ముఖ్యమో తేల్చే పని మీ దగ్గరే ఉంచుకోండి. కాంక్రీటు పోయకముందే స్లాబ్‌లో ప్లంబింగ్ స్లీవులు (నీటి పైపులు వెళ్లడానికి వదిలే గొట్టాలు), కరెంటు పైపులు అమర్చాలి కదా. పైన చెప్పిన మెసేజీలో "ప్లంబర్ రాలేదు" అన్నదే అసలు ప్రమాద సూచన, కానీ యంత్రం దాన్ని చిన్న విషయంగా చివర్లో పడేయవచ్చు.

ఇక షెడ్యూలు. ఈ నమూనాలు మాట వెంట మాటను అంచనా వేసి రాస్తాయి కనుక, అవి ఇచ్చే తేదీలు చూడడానికి పొందికగానే ఉంటాయి గానీ వాటి వెనుక లెక్క ఉందన్న భరోసా లేదు. ఏ పనులు ఆలస్యమైతే మొత్తం ప్రాజెక్టు ఆలస్యమవుతుందో లెక్కగట్టే క్రిటికల్ పాత్ పద్ధతి 1950ల చివర్లో రూపొందింది, దాన్ని ప్రిమవేరా, ఎంఎస్ ప్రాజెక్టు వంటి సాఫ్ట్‌వేర్లు కచ్చితంగా లెక్కిస్తాయి. తేదీలను వాటికే వదలండి. కృత్రిమ మేధకు మీ పనుల జాబితా ఇచ్చి, "ఏ పని మరిచాను, దేని తరువాత ఏది రావాలి" అని అడిగితే బాగా ఉపయోగపడుతుంది. ప్రమాణాలను మాత్రం మూలంలోనే చూసుకోండి. కాంక్రీటు పనులకు భారతీయ ప్రమాణమైన ఐఎస్ 456 ప్రకారం మామూలు ఓపీసీ సిమెంటుకు క్యూరింగ్ (కాంక్రీటును తడిగా ఉంచడం) కనీసం 7 రోజులు, పీపీసీ వంటి మిశ్రమ సిమెంటుకు 10 రోజులు. ఏ సిమెంటో చెప్పకుండా అడిగితే 7 అనే జవాబు రావచ్చు.

ప్రశ్న అడిగినవారు:

ధన్యవాదాలండీ. ఖర్చు లెక్కల విషయంలోనూ ఇదే పద్ధతా? వాయిస్ మెసేజీల సంగతేమిటి?

రెండవ సమాధానం:

ఖర్చుకు ఎక్సెల్ వాడండి, వివరణకు కృత్రిమ మేధను వాడండి. 1 కోటి బడ్జెట్‌లో ఇప్పటికి 40 లక్షల పని జరగాలి, 32 లక్షల విలువైన పని జరిగింది, 38 లక్షలు ఖర్చయ్యాయి అనుకుందాం. పని వేగం 32/40, అంటే 0.80. ఖర్చు సూచి, అంటే ఖర్చు పెట్టిన ప్రతి రూపాయికి జరిగిన పని, 32/38, సుమారు 0.84. ఇదే తీరు సాగితే, 1 కోటిని 32/38తో భాగిస్తే వచ్చే 1 కోటి 18 లక్షల 75 వేలకు మొత్తం ఖర్చు చేరుతుంది. ఈ అంకెలు ఎక్సెల్‌లో తేలాక, వాటిని యజమానికి సులువుగా అర్థమయ్యే నాలుగు వాక్యాల్లో రాయమని అడగండి.

వాయిస్ మెసేజీల్లో తెలుగు, ఇంగ్లీషు కలిసిపోవడం వల్ల, సైటు రొద వల్ల అంకెలు తారుమారవుతాయి. పది ఎంఎం కడ్డీ, పదహారు ఎంఎం కడ్డీ మధ్య తేడా పోతే ఎంత నష్టమో మీకు తెలిసిందే. ఏ పని, ఎక్కడ, ఎంత, ఏమి ఆటంకం అనే నాలుగు విషయాలు టైపు చేసి పంపమని ఇంజనీర్లకు చెప్పండి. వాయిస్‌ను అదనపు వివరణకే ఉంచండి.

మరొక మాట. ఫ్లాట్లు కొన్నవారి పేర్లు, ఫోను నంబర్లు, కూలీల ఆధార్ వివరాలు ఉన్న మెసేజీలను నేరుగా అతికించకండి. వ్యక్తిగత డేటా రక్షణకు 2023లో చట్టం వచ్చింది, పైగా అవి మనల్ని నమ్మి ఇచ్చిన వివరాలు. పేర్ల స్థానంలో "కొనుగోలుదారు 1", "మేస్త్రీ 2" అని మార్చి పంపండి, నివేదిక వచ్చాక అసలు పేర్లు మీరే చేర్చుకోండి. మీ సంస్థ ఏ సేవను అనుమతిస్తుందో ముందుగా లిఖితపూర్వకంగా అడిగి తెలుసుకోండి.