అమ్మ ఫొటోలు, గొంతు ఎలా భద్రపరచాలి?

ప్రశ్న: అమ్మ ఈమధ్యే పోయింది. పాత ఫొటోలు జిగురు పేజీల ఆల్బమ్‌లో అతుక్కుపోయాయి. వాయిస్ మెసేజ్‌లు ఆమె ఫోన్‌లోనే ఉన్నాయి. మనవలకు ఇవన్నీ మిగలాలి. ఏం చేయాలి?

జవాబు: ఫొటోలు లాగకండి, బొమ్మ పొర చిరుగుతుంది. ముందు పేజీ మొత్తాన్ని 600 డీపీఐలో (అంగుళానికి 600 చుక్కల స్పష్టతతో) స్కాన్ చేయండి. తర్వాత డెంటల్ ఫ్లాస్ దారాన్ని ఫొటో కింద రంపంలా, నెమ్మదిగా ఆడించండి. రాకపోతే అలాగే వదిలేయండి, స్కాన్ ఉంది కదా. నాణ్యత తగ్గని టిఫ్ ఫైల్ దాచుకుని బంధువులకు చిన్న సైజు జేపెగ్ ఫైల్ పంపండి.

జవాబు: నన్నడిగితే ముందు గొంతు! ఫోన్ పాడైతే అది మళ్లీ దొరకదండీ. వాట్సాప్ చాట్‌ను మీడియాతో సహా ఎక్స్‌పోర్ట్ చేసి మూడు కాపీలు ఉంచండి, ఒకటి వేరే ఇంట్లో.

జవాబు: ఫొటో వెనక పేర్లు మెత్తని పెన్సిల్‌తోనే రాయండి. బాల్‌పెన్ నొక్కు ముందువైపు ఉబుకుతుంది.